చప్పుడు బయటికి రాని గది

పోచన్న చేతిగడియారాన్ని కుడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. టిక్కు, టిక్కు, టిక్కు. ఉంది. ఇవాళ్టికి ఉంది.

లోకంలో జనం పొద్దున లేవగానే అరచేతులు చూసుకుంటారు, కొందరు దేవుడి పటం చూస్తారు, ఈమధ్య కొందరు సెల్‌ఫోను చూస్తున్నారు. పోచన్న చెవి చూసుకుంటాడు. ఎవడి చెవి వాడికి కనపడదు కనక గడియారం పెట్టి చూసుకుంటాడు. ఆ తర్వాత అదే గడియారాన్ని ఎడమ చెవికి ఆనిస్తాడు. అక్కడ ఏమీ ఉండదు. ఆ చెవికి గడియారమే కాదు, కాలమే ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఉండదని తెలిసీ రోజూ ఎందుకు ఆనిస్తాడంటే, పోయిన పన్ను ఖాళీలోకి నాలుక ఎందుకు పోతుందో అందుకే.

"నీ చెవిని ఎవ్వడు ఎత్కపోడు గని, చాయ్ సల్లగైతుంది," అంది మంగ. ఆమె కుడివైపు నిలబడే మాట్లాడుతుంది. పెళ్ళయిన కొత్తల్లో ఎడమవైపు నిలబడి చెప్పినవన్నీ వృథా అయ్యాక నేర్చుకున్న జాగ్రత్త అది. "ఇయ్యాల ఎవలింటికి?"

"చిన్నన్న సేటు ఇంటికి. గా పాటల గది ఇయ్యాల్టితోని ఒడుస్తది."

మంగ చేతిలో గిన్నె ఆగింది. "జర చూసుకొని పో. ఉన్నది ఒక్కటే."

ఏది ఒక్కటే అన్నది ఆ ఇంట్లో విప్పి చెప్పాల్సిన పని లేదు.

పోచన్న మనిషి సన్నం. సగం దిగి వంకరపోయిన మేకులా మెడ ఎడమకు వాలి ఉంటుంది. కుడి చెవిని ముందుకు తోసి తోసి అలా వాలిపోయింది. వేళ్ళ కొసల్లో వైర్లు అతికి అతికి కాలిన మచ్చలు, కుడి భుజం మీద మైకు బూర మోసిన కాయ. ఒకప్పుడు ఆర్మూరు చుట్టుపక్కల పెళ్ళయినా, జాతరయినా, ఎలక్షనైనా పోచన్న మైకు కూయాల్సిందే. నవీపేట నుంచి దొంకేశ్వర్ దాకా ఆయన బూర కట్టని కరెంటు స్తంభం లేదు. ఇప్పుడు డీజే డబ్బాలొచ్చాయి. మైకు చెవిని మాత్రమే కొట్టేది, అవి గుండెను కొడతాయి. దెబ్బ బలంగా ఉన్నచోటికే జనం పోతారు. పోచన్నకు ఫ్యాన్లు, మిక్సీలు, మూగబోయిన రేడియోలు మిగిలాయి.

మైకు పని అంటే దెబ్బల పని. పాట ఆగితే కొడతారు, పాట ఆపకపోతే కొడతారు, ఒక పార్టీ పాట వేస్తే రెండో పార్టీ కొడుతుంది. అందుకని పోచన్న ఒక లెక్క నేర్చుకున్నాడు. కొట్టేవాడు మామూలుగా కుడిచేత్తో కొడతాడు. ఎదురుగా నిలబడితే అది మన ఎడమ చెంప మీద పడుతుంది. ఎడమ చెవి ఎలాగూ పోయింది. కాబట్టి కోపిష్టి మనిషికి ఎప్పుడూ ఎదురుగా నిలబడాలి, పక్కకు తిరగకూడదు. ఇంకో లెక్క కూడా ఉంది. కొట్టేవాడిని అలసిపోనివ్వాలి. అడ్డం పోకూడదు, పరిగెత్తకూడదు. దెబ్బలు పలచబడేదాకా ఉండి అప్పుడు కదలాలి. ఈ రెండు లెక్కలతోనే ఆయన యాభై దాటాడు.

మార్కెట్ రోడ్డులో చిన్నన్నది పసుపు కొట్టు. బోర్డు మీద ఉన్న కొట్టు నామవాచకం, లోపల జరిగే కొట్టు క్రియ. పేరు చిన్నన్నే గాని ఆ పేరు తప్ప ఆయనకు చిన్నవేవీ లేవు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, చేట లాంటి చేతులు. చేతిపనుల్లో ఆయనకు వచ్చింది ఒకటే, చెయ్యి చేసుకోవడం. ఆ విద్యలో మాత్రం చెయ్యి తిరిగిన మనిషి. హమాలీలను కొడతాడు, డ్రైవర్లను కొడతాడు, బియ్యంలో రాయి వస్తే వంటమనిషిని కొడతాడు. ఇంతటి మనిషికి పాటంటే ప్రాణం. ఖవ్వాలీ అంటే చెవి కోసుకుంటాడు, ఎక్కువగా ఎదుటివాళ్ళది.

ఆ ఏడు వానాకాలంలో దుబాయినుంచి ఎవరిచేతనో పాటల సెట్టు తెప్పించాడు. మనిషెత్తు స్పీకర్లు రెండు, ఇనప్పెట్టె బరువున్న ఆంప్లిఫయరు ఒకటి, సీడీ పెడితే నాలుక చాపినట్టు చాపి మింగే డబ్బా ఒకటి. వాటికోసం గోదాం మీద గది కట్టించాడు. "పాడేటోడు నా ముంగట కూసోని పాడినట్టు ఉండాలె. నా ఇంట్ల పాట నా ఇంట్లనే ఉండాలె, ఒక్క ముక్క బయటికి పోవద్దు," అన్నాడు. సాయంత్రం బావమరుదులు రావాలి, గది చూసి కుళ్ళుకోవాలి. ముహూర్తం అదీ.

పోచన్న వెళ్ళేసరికి వాకిట్లో పసుపు పాలిష్ డ్రమ్ము గడగడా తిరుగుతోంది. అందులో కొమ్ములు ఒకదాన్నొకటి కొట్టుకుని నునుపెక్కుతున్నాయి. ఆ ఇంట్లో నునుపెక్కడానికి ఇంకో దారి లేదు. గాలంతా పచ్చటి దుమ్ము. మెట్ల మీద హమాలీ ఎర్రన్న వీపున బస్తాతో మోకాళ్ళు పట్టుకుని పైకెక్కుతున్నాడు.

గోడలకు పసుపు పొట్టు నింపిన గోనెలు కొట్టమని పోచన్న మొదట్లోనే చెప్పాడు. గోడ మెత్తగా ఉంటే చప్పుడును తాగేస్తుంది. "పొట్టెందుకురా? గోదాంల నిండు బస్తాలు మురుగుతున్నయ్. గోడకు బస్తా కావాలె, బస్తాకు జాగ కావాలె. రెండు పనులు ఒక్క దెబ్బకు," అన్నాడు చిన్నన్న. ఆయనకు ఏ పనైనా దెబ్బతోనే అవుతుంది. అలా నాలుగు గోడలకూ కప్పుదాకా పసుపు బస్తాలు పేర్చడం మొదలైంది. వెనక గోడకు పూసిన సిమెంటు గిలాబు ఇంకా పచ్చిగానే ఉంది. చెయ్యి ఆనిస్తే చెమ్మ తగిలేది.

పోచన్న గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు. ఉత్త గోడలప్పుడు చప్పట్లు కొడితే తిరిగొచ్చి చెంప మీద కొట్టినట్టుండేది. ఇప్పుడు కొట్టిన చప్పుడు కొట్టినచోటే చచ్చిపోయింది. బాగానే ఉంది అనుకున్నాడు. ఒక స్పీకరును గోడనుంచి ముందుకు జరిపాడు, బూంబూం తగ్గింది. రెండోదాన్ని కుర్చీ వైపు కొద్దిగా తిప్పాడు. స్పీకరు తీగలకు చిన్న బ్యాటరీ సెల్లు ముట్టించి, దాని గుండె ముందుకు వస్తోందా వెనక్కి పోతోందా అని అరచేత్తో తడిమాడు. పోచన్న సగం పని చెవితో చేస్తే సగం అరచేత్తో చేస్తాడు. బూర ఒళ్ళు తాకి అది పాడుతోందా గురక పెడుతోందా చెప్పగలడు.

ఒక్కటే ఆయన చేయలేనిది. రెండు డబ్బాలు కలిసి పాడితే పాట నడుమ నిలబడాలి. నడుమ అంటే ఏమిటో తెలియాలంటే రెండు చెవులుండాలి. పోచన్నకు పాటెప్పుడూ కుడివైపే.

"ఏమ్రా పోచిగా, మెడ గిర్రున తిప్పుతున్నవ్, కోడి లెక్క?" చిన్నన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోచన్న గబుక్కున ఆయనకు ఎదురు తిరిగాడు.

"ఏం లేదు సేట్. ఎడమ చెవి జర వినవడది."

"చిన్నప్పటిసంది గంతేనా?"

పోచన్న ఆ పెద్ద మొహంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు, నిజంగానే లేదు. అడిగినవాడు అడగడానికే అడిగాడు.

"గంతే సేట్," అన్నాడు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట, ఇందల్వాయిలో బారాత్ అది. పెళ్ళికొడుకు చిన్నన్న. గుర్రం ముందు పోచన్న మైకు బండి. నడిరోడ్డు మీద జనరేటరు దగ్గి, ఉమ్మి, ఆగిపోయింది. పాట సగంలో తెగింది. బాసికం కట్టుకున్న మనిషి గుర్రం దిగి మరీ వచ్చి కొట్టాడు. ఒక్కటే దెబ్బ. పెళ్ళి నలుగు ఇంకా కడగని చెయ్యి కనక పోచన్న చెంప మీద అయిదు పచ్చటి వేళ్ళు తేలాయి. జనం విరగబడి నవ్వారు. "నీకు గుడ పసుపు పెట్టిండ్రు గదరా!" అన్నాడెవడో. అది పోచన్న ఎడమ చెవితో విన్న చివరి మాట. మెడ మీదికి వెచ్చగా ఏదో కారుతుంటే తుడుచుకుని, జనరేటరు తాడు లాగి, మళ్ళీ పాట పెట్టాడు. పెళ్ళి ఆగకూడదు కదా.

చిన్నన్న కిందికి దిగాక పోచన్న, కింద పసుపు ఊడుస్తున్న లసుమవ్వను పిలిచాడు. "అవ్వా, ఒకసారి గా కుర్చీల కూసో."

"సేటు కుర్చీలనా? నా పానం తీస్తవా కొడకా?"

"జరసేపే. పాట ఏడికెళ్ళి వస్తుందో చెప్పు."

ముసలామె కుర్చీ అంచు మీద, కింద ముళ్ళున్నట్టు కూర్చుంది. పోచన్న సీడీ పెట్టాడు. ఒక మగ గొంతు లేచింది, వెనక తబలా, చప్పట్లు. లసుమవ్వ ఉలిక్కిపడి ఎదుటి గోడ వైపు చూసింది. చూస్తూ చూస్తూ కొంగు తీసి తల మీద కప్పుకుంది.

"ఏమైంది అవ్వా?"

"గా నడుమల ఎవలో మొగాయన నిలవడి పాడుతుండు గదరా. నెత్తిమీద కొంగు లేకపోతే ఏమనుకుంటడు?"

పోచన్న అటు చూశాడు. అక్కడ బస్తాలున్నాయి, బస్తాల మీద ఎవరో సుద్దతో గీసిన గుర్తులున్నాయి. ఆయనకు మనిషి కనపడలేదు, కనపడడు. అయినా లోపల ఎక్కడో చల్లగా అయింది. తను చూడలేని మనిషిని తను నిలబెట్టాడు. అంతే, ఆ రోజుకు ఆయన సంతోషం అదే. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు.

చిన్నన్న కాలు ముందు వచ్చింది, తిట్టు తర్వాత వచ్చింది. కుర్చీ ముసలామెతో సహా పక్కకు పడింది. "గిది నువ్వు కూసునే జాగనా లంజదానా? నీ చీరకున్నదంత దానికి పూస్తున్నవ్!" లసుమవ్వ మోచెయ్యి పట్టుకుని, నొప్పి మింగి, లేచి, కుర్చీనే కొంగుతో తుడిచి బయటికి పోయింది. కొట్టినవాడి సామాను తుడవడం ఆ ఇంట్లో వాడుక.

పోచన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఎడమ చెంప సిద్ధంగా. దెబ్బ పడలేదు. "కానియ్," అన్నాడు చిన్నన్న కుర్చీలో కూలబడి.

మధ్యాహ్నానికి కిటికీని కూడా బస్తాలతో మూసేశారు. కొత్త ఏసీ పెట్టారు. అది చల్లగాలితో పాటు గోడ వెంట నీళ్ళు కూడా కార్చింది. కింది వరస బస్తాలు తడిశాయి. తలుపు వచ్చింది. బయట టేకు, లోపలివైపు దూది కుక్కి తెల్ల రెక్సిన్ కొట్టిన మందపాటి తలుపు. చౌకట్టులో ఎంత బిగుతుగా కూర్చుందంటే, లోపలినుంచి ఒక్కడు తోస్తే రాదు. లోపలున్నవాడు తట్టాలి, బయటున్నవాడు కాలు తన్నిపెట్టి గుంజాలి.

"జర గీకుదాం సేట్, వదులైతది," అన్నాడు పోచన్న.

"వదులైతే పాట పోదా? నువ్వుండు బయట. తట్టంగనే గుంజు, గదే నీ పని."

తర్వాత గది ఎంత గట్టిదో పరీక్ష చెయ్యాలన్నాడు. పరీక్షకు పాట పెట్టబోయాడు పోచన్న. సరిగ్గా అప్పుడే ఎర్రన్న చివరి బస్తాను దించుతూ జార్చాడు. బస్తా మూతి విప్పుకుని కొమ్ములు గలగలా నేల మీద పరుచుకున్నాయి.

చిన్నన్న మొహంలో కోపం రాలేదు. అంతకంటే భయంకరంగా, ఒక ఆలోచన వచ్చింది. "పాటెందుకురా, మనిషుండంగ?" అన్నాడు. ఎర్రన్నను రెక్క పట్టుకుని లోపలికి లాగి, పోచన్నను బయటికి నెట్టాడు. "నువ్వు మంచిగ విను. వినవడ్డదా లేదా నాకు చెప్పాలె."

తలుపు పడింది.

పోచన్న కుడి చెవి తలుపుకు ఆనించాడు. కింద పాలిష్ డ్రమ్ము గడగడ తప్ప ఏమీ లేదు. అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాడు. అరచేతికి వచ్చింది. దబ్. కాసేపు ఏమీ లేదు. దబ్, దబ్. మెత్తటి మనిషి గోడకు తగిలిన దబ్బు ఒకటి, అరచెయ్యి మాంసానికి తగిలిన పలచటి దబ్బు ఒకటి. రెండిటికీ తేడా పోచన్నకు తెలుసు. చిన్నన్న ఎర్రన్నను వాయిస్తున్నాడు, పోచన్న అరచేత్తో వింటున్నాడు. కొత్త గదిలో మొదటి కచేరీ అలా జరిగింది.

లోపలినుంచి తట్టాక గుంజాడు. చిన్నన్న ఎగరొప్పుతూ వచ్చాడు. "వినవడ్డదా?"

పోచన్న అరచెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"లేదు సేట్."

"బొర్లి బొర్లి మొత్తుకున్నడు వీడు! ఒక్క ముక్క వినవడలేదా?"

"లేదు సేట్."

చిన్నన్న నవ్వి, ఎర్రన్న భుజం మీద చరిచి, "సూసినవారా, ఎంత మంచి గదో!" అన్నాడు. ఎర్రన్న పెదవి చిట్లి ఉంది. మెట్లు దిగుతూ దిగుతూ సగంలో కూర్చుని భళ్ళున కక్కుకున్నాడు. దెబ్బలకే అనుకున్నారు. కానీ పోచన్నకు కూడా పొద్దుటినుంచి తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది, తనను ఇవాళ ఇంకా ఎవరూ కొట్టలేదు.

లసుమవ్వ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి ఎర్రన్న మొహం కడిగి, గాలి పీల్చి చూసింది. "ఎల్లిగడ్డ వాసన కొడుతుంది ఏందిరా నీ బట్టలకు? యే గోదాం బస్తాలు మోసినవ్?"

"ఎనక గోదాంవి," అన్నాడు ఎర్రన్న.

ముసలామె నొప్పి చెయ్యిని పొట్టకు ఆనించుకునే పైకెక్కింది. తలుపు దగ్గరి బస్తాల సందులో వేళ్ళు పెట్టి ఒక చిన్న గుడ్డ సంచి లాగింది. లోపల బూడిదరంగు పొడి, ఇంకా సగం కరగని గోలీలు. "ఓ పోచన్నా! గివి పురుగు గోలీలు. మొన్ననే పెట్టి తాళమేసిండ్రు గా గోదాంకు. గాలి పట్టనియ్యకుండనే మోసుకొచ్చిండ్రు. తడి తాకిందంటే ఇషం ఊదుతది గిది. తలుపులు మూసుకొని లోపల ఉంటే మనిషి దక్కడు."

బస్తాలకు గోలీలు పెట్టి మూసెయ్యడం, వారం తర్వాత తలుపులు తీసి గాలి పట్టించడం మార్కెట్లో ఊడ్చేవాళ్ళకు కూడా తెలిసిన పని. చిన్నన్నకు తెలియక కాదు. గోదాంలో అయితే ఆయనే హమాలీలను తిట్టి బయటికి తోలేవాడు. ఇది గోదాం కాదు, పాటల గది అనుకున్నాడు, అంతే. బస్తాలు అలా అనుకోలేదు.

చిన్నన్న అన్నం తిని, స్నానం చేసి, తెల్ల లాల్చీ వేసుకుని వచ్చాడు. కుడిచేతిలో సీడీ, వేలికి ఉంగరంలా తొడుక్కుని. పోచన్న తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. బతుకులో మొదటిసారి ఒకరికి అడ్డం నిలబడ్డాడు. లెక్క ప్రకారం ఎదురుగానే నిలబడ్డాడు.

"సేట్, ఇయ్యాల కూసోవద్దు. గోలీల బస్తాలు గివి. ఎర్రన్న కక్కుకున్నడు. నాకు గుడ తల తిరుగుతుంది. రెండు దినాలు తలుపులు తెరిచి పెడదాం."

"నా బావమరుదులు మాపటికి వస్తుండ్రు. నేను ఒకసారి మంచిగ ఇనుకోవాలె. జరుగు."

"పానం పోతది సేట్. గోలీలు..."

"గోలీలు పురుగులకు రా!" చిన్నన్న గొంతు మెట్ల దాకా పోయింది. "నేను పురుగునా? ఆఁ? నేను నీకు పురుగు లెక్క కనవడుతున్ననా?"

కుడిచేతిలో సీడీ ఉంది. గీత పడితే పాట పాడైపోతుంది. అందుకని ఎడమ చెయ్యి లేచింది.

ఇరవై ఏళ్ళ లెక్కలో ఎడమ చెయ్యి లేదు.

పోచన్నకు చప్పుడు వినపడలేదు. లోపలే ఏదో తెగింది, రేడియో తీగ తెగినట్టు. తర్వాత సన్నటి ఈల, ఆగని ఈల. చిన్నన్న పెదవులు కదులుతున్నాయి. కింద డ్రమ్ము తిరుగుతోంది, గడగడ లేదు. లసుమవ్వ నోరు తెరిచి ఏదో అంటోంది. లోకం మొత్తం ఆ గదిలోకి పోయి తలుపేసుకున్నట్టుంది.

చిన్నన్న పక్కనున్న ముక్కాలిపీట చూపించి, కూర్చో అన్నట్టు వేలు ఆడించాడు. తలుపు తట్టినట్టు గాలిలో తట్టి, గుంజినట్టు గుంజి చూపించాడు. అర్థమైందా అని కళ్ళెగరేశాడు. పోచన్న తల ఊపాడు. చిన్నన్న లోపలికి పోయాడు. పోచన్నే తలుపు వేశాడు, భుజంతో తోసి మరీ.

లసుమవ్వ ఆయన మొహాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది. చెవినుంచి కారుతున్నదాన్ని కొంగుతో తుడిచింది. ఏదేదో అంది. కిందినుంచి ఎవరో కేకేస్తే దిగిపోయింది.

పోచన్న గడియారం తీసి కుడి చెవికి ఆనించాడు. తీసి చూశాడు. ముల్లు తిరుగుతోంది. కనపడుతోంది, అంతే. మెడ నిటారుగా అయింది. ఇక దాన్ని ఎటు వాల్చినా ఒకటే.

పీట మీద కూర్చుని అరచెయ్యి తలుపుకు ఆనించాడు.

పాట వచ్చింది. చేతిలోకి తబలా వచ్చింది, దాని వెనక చప్పట్లు వచ్చాయి, వరసగా, ఒద్దికగా. ఖవ్వాలీలో చప్పట్లు ఎక్కడ లేస్తాయో, ఎక్కడ దిగుతాయో ఈ వారంలో ఆయన అరచేతికి కంఠతా వచ్చింది. లోపల కొత్త గది ఎంత బాగా పాడుతోందో తెలుస్తోంది. నడుమ మనిషి నిలబడే ఉంటాడు అనుకున్నాడు. పాట మారింది, మళ్ళీ మారింది. ఎండ గోదాం రేకుల మీదనుంచి వాకిట్లోకి జారి, వాకిట్లోంచి గోడెక్కింది.

అప్పుడు చప్పట్లలో ఒక చప్పట తప్పుగా పడింది.

పోచన్న పట్టించుకోలేదు. మళ్ళీ పడింది. అది తాళంలోది కాదు, కింద ఎక్కడో, మోకాలి ఎత్తున పడింది. దబ్. దబ్, దబ్. అరచెయ్యి తెల్ల రెక్సిన్‌కు తగిలే దబ్బు. మధ్యాహ్నం ఎర్రన్న ఒంటి మీద పడ్డది అదే చెయ్యి. పోచన్న అరచేతికి ఆ చెయ్యి బాగా తెలుసు, చెంపకు ఇంకా బాగా తెలుసు.

లేచాడు. పిడి పట్టుకున్నాడు.

తలుపు తీస్తే ఆ చెయ్యి బయటికి వస్తుంది. తట్టిన చెయ్యి కోపంగా ఉంది, ఇంతసేపు ఎందుకు తియ్యలేదని వస్తుంది. కొట్టేవాడిని అలసిపోనివ్వాలి. దెబ్బలు పలచబడేదాకా ఉండాలి. ఏళ్ళ తరబడి ఒంటికి వచ్చిన లెక్క అది, అడగకుండానే చేతిని ఆపింది. లోపలున్నది కోపం కాదని, విషమని కూడా ఆయనకు తెలుసు. తనే కదా చెప్పింది. రెండూ తెలుసు. రెండూ తెలిసి, ఒక చెయ్యి పిడి మీదా ఒక చెయ్యి తలుపు మీదా పెట్టుకుని నిలబడ్డాడు. ఇటువైపు ఒక అరచెయ్యి, అటువైపు ఒక అరచెయ్యి, నడుమ జానెడు దూది.

దబ్బులు పలచబడ్డాయి. ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి, గోకినట్టు. ఆ తర్వాత తబలా ఒక్కటే మిగిలింది.

అప్పుడు పోచన్న కాలు తన్నిపెట్టి గుంజాడు.

ఎవరి ముందూ వంగని చిన్నన్న తలుపుతో పాటు వచ్చి పోచన్న కాళ్ళ మీద పడ్డాడు. తెల్ల లాల్చీ, పెదాల దగ్గర నురుగు, కళ్ళు తెరిచే ఉన్నాయి. లోపల పాట మహా గొప్పగా మోగుతూ ఉండి ఉంటుంది, ఎందుకంటే కింద జనమంతా ఒక్కసారి తలెత్తి పైకి చూశారు.

బావమరుదులు వచ్చారు. గది చూశారు, కుళ్ళుకోలేదు. దవాఖానకు తీసుకుపోయారు, తీసుకుపోయినవాళ్ళే శవాన్ని తీసుకొచ్చారు. చీకటి పడకముందే పోలీసాయన వచ్చి పోచన్నను నిలబెట్టి ఏదో అడిగాడు. పోచన్న ఆయన పెదాలు చూశాడు. ఎర్రన్న అర్థమయ్యేలా తలుపు తట్టినట్టు గాలిలో తట్టి చూపించి, తన చెవిని తాకి చూపించాడు.

"వినవడలే సార్," అన్నాడు పోచన్న.

తన గొంతు తనకు వినపడలేదు. బాగా గట్టిగా అన్నాడేమో, అందరూ ఉలిక్కిపడ్డారు. లసుమవ్వ ముందుకొచ్చి ఆయన చెవి వైపు చూపిస్తూ పోలీసాయనతో చాలాసేపు మాట్లాడింది. పోలీసాయన దగ్గరికొచ్చి, పోచన్న చెవి పక్కన చిటిక వేసి చూసి, తల ఊపి వదిలేశాడు. ఎర్రన్న మాత్రం చిట్లిన పెదవితో పోచన్న చేతుల వైపే చూస్తున్నాడు.

గాలి పోవాలని బస్తాలు దించేశారు. తలుపు అడ్డమని దాన్నీ ఊడదీసి వాకిట్లో గోడకు ఆనించారు. పోచన్న పనిసంచి భుజానికి తగిలించుకుని, మెడ నిటారుగా పెట్టుకుని గేటు దాటాడు. వెనక ఎవరైనా పిలిచారేమో తెలియదు. ఇంటి దగ్గర మంగ ఇవాళ ఎటువైపు నిలబడుతుందో కూడా తెలియదు.

రాత్రి వాన పడింది. పొద్దున లసుమవ్వ చీపురు పట్టుకుని వచ్చేసరికి తలుపు అలాగే ఉంది. తెల్ల రెక్సిన్ మీద కిందివైపు, వాన కడిగినా పోని పచ్చటి అరచేతులు, కొత్త ఇంటి గడపకు అద్దినట్టు, ఒకదాని మీద ఒకటి, చివరివి వేళ్ళు లేకుండా కిందికి సాగి. ఆమె తలుపును ముందుకు వంచి వెనక చూసింది. గోడకు ఆనిన టేకు వైపు వాన తగలలేదు. ఆ వైపు ఒక్కటే చెయ్యి, కదలని చెయ్యి, అయిదు వేళ్ళూ విడివిడిగా, పసుపుగా.